నిటారు మాస్టారి మోకాలు

మా బావ సైన్యంలో నిలబడటం నేర్పేవాడు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నిలబడటం కూడా ఒకరు నేర్పాలా అంటారు. అలా అన్నవాళ్ళలో సరిగ్గా నిలబడేవాళ్ళని నేను ఇంతవరకు ఒక్కరినీ చూడలేదు.

కొత్తగా చేరిన వాళ్ళకి కవాతు నేర్పే మాస్టారు ఆయన. మోకాలు నడుము ఎత్తుకి లేపి, మడమ నేలకి దబ్బుమని కొట్టి, కొయ్యలా ఆగిపోవాలి. ఎలా కొట్టాలో ముందు మాస్టారే చూపించాలి. అలా రోజుకి రెండు వందలసార్లు, సిమెంటు గచ్చు మీద, పదహారేళ్ళ ఏడు నెలలు చూపించాడు. శిష్యులు ఆయనకి 'నిటారు మాస్టారు' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, లోలోపల ఇష్టం కూడా. "నొప్పి అనే మాట నా గ్రౌండులో వినపడకూడదు" అన్నది ఆయన చెప్పే మొదటి పాఠం. రెండో పాఠం లేదు.

సిమెంటు గచ్చుకి ఏమీ కాలేదు. ఆయన కుడి మోకాలు అరిగిపోయింది.

నేను ఆయన భార్యకి చెల్లెల్ని. నీటి సరఫరా ఆఫీసులో దరఖాస్తులు తీసుకునే గుమాస్తాని. పన్నెండేళ్ళుగా కిటికీ వెనక కూర్చుని జనం నింపిన ఫారాలు చదువుతున్నాను కాబట్టి మనుషుల మీద నాకు పెద్ద ఆశల్లేవు. ఫారాల మీద కొంచెం ఉన్నాయి. మా ఇల్లు అక్కావాళ్ళ క్వార్టర్స్‌కి రెండు వీధుల అవతల. సెలవురోజు భోజనం వాళ్ళింట్లోనే. అందుకు ప్రతిగా వాళ్ళింటికి వచ్చిన కాగితాలన్నీ నేను చదివిపెడతాను.

వాళ్ళది మొదటి అంతస్తు. పద్దెనిమిది మెట్లు. మా బావ ఆ మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి, గోడకి అరచెయ్యి ఆనించి, ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో దిగేవాడు. కొన్నాళ్ళకి ఆ గోడకి అరచేతి ఎత్తున పైనుంచి కిందిదాకా రంగు పోయి ఒక చార పడింది. కింది మెట్టు దిగగానే చొక్కా సర్దుకుని, వీధిలోకి గుంజలా నడిచి వెళ్ళేవాడు. మెట్ల మీద మనిషి వేరు, వీధిలో మనిషి వేరు.

"నొప్పిగా ఉందాండీ?" అని అక్క రోజూ సాయంత్రం అడిగేది.

"లేదు," అనేవాడు బావ, మోకాలి మీద ఐసు సంచీ పెట్టుకుని.

"మరి ఐసు ఎందుకు?"

"ఉక్కగా ఉంది."

ఉక్క మోకాలికి మాత్రమే ఎందుకు పోస్తుందని మా అక్క అడగలేదు. నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆ మనిషి నోట్లోంచి ఇంకో ముక్క రాదని ఆమెకి పెళ్ళైన రెండో వారంలోనే తెలుసు.

ఒకరోజు గ్రౌండులో ఆయన కాలు పైకి లేచింది గాని, దిగాల్సినట్టు దిగలేదు. నలభై మంది ముందు పక్కకి పడిపోయాడు. ఒక్కడూ కదల్లేదు. ఆజ్ఞ లేకుండా కనురెప్ప కూడా కదపకూడదని నేర్పింది ఆయనే. చదువు బాగా వంటబట్టినట్టుంది. చివరికి నేలమీద పడుకునే ఆయన కేక వేశాడట: "ముందు వరసలో కుడిచివర ఇద్దరు, వచ్చి నన్ను లేపండి!" ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి లేపారు. అడుగు తప్పలేదని బావ ఆ తర్వాత మెచ్చుకున్నాడు.

మోకాలి చిప్ప కింద గుజ్జు లేదు, ఇక ఉద్యోగానికి పనికిరాడు అన్నారు డాక్టర్లు. ముగ్గురు సభ్యుల మెడికల్ బోర్డు ఆయన్ని పరీక్ష చేసింది. మూడు వారాలకి కవరు వచ్చింది. బావ దాన్ని బల్ల మీద పెట్టి, ఒక మూల కూర్చుని, ఇక వేసుకోనక్కర్లేని బూట్లకి పాలిష్ పెట్టడం మొదలెట్టాడు. అక్క నాకు ఫోన్ చేసింది.

నేను వెళ్ళి నాలుగు పేజీలూ చదివాను. ఆరోగ్యం చెడి సైన్యం వదిలేవాళ్ళని వాళ్ళు రెండు రకాలుగా పంపిస్తారు. వైకల్యం నూటికి ముప్పై, ఆపైన అని తేలితే నెలనెలా పింఛను, బతికున్నంతకాలం. ఇంటిల్లిపాదికీ సైనిక ఆసుపత్రి కార్డు కూడా ఉంటుంది. ముప్పైకి తగ్గితే ఒకేసారి కొంత సొమ్ము చేతిలో పెట్టి నమస్కారం పెడతారు. దాన్ని విరమణ సొమ్ము అంటారు. కార్డు ఉండదు. బావకి ఇరవై వేశారు.

"ఎంతొస్తుందట?" అన్నాడు బావ, బూటు మీంచి తల ఎత్తకుండా.

"సర్వీసులో ఏడాదికి రెండు నెలల జీతం చొప్పున బావా. ఆరు నెలలు దాటితే ఏడాది కిందే లెక్క. అంటే నీకు పదిహేడేళ్ళు."

"పదహారేళ్ళ ఏడు నెలలే కదా?"

"వాళ్ళే ఇస్తామంటుంటే నీకేం బాధ? ముప్పై నాలుగు నెలల జీతం."

అక్క ఊపిరి పీల్చుకుంది. ముప్పై నాలుగు జీతాలు ఒక్కసారి చూసినవాళ్ళు మా వంశంలో లేరు.

"జీతమంటే మూలవేతనమే. గ్రౌండు భత్యం, యూనిఫాం భత్యం కలవవు," అన్నాను. అక్క పీల్చిన ఊపిరి కొంత వదిలింది. "నీకిప్పుడు నలభై ఒకటి బావా. నెలకో జీతం చొప్పున తింటే నలభై నాలుగు నిండకుండానే అయిపోతుంది. ఆ తర్వాత?"

"తర్వాత మామూలు జనానికిచ్చే పౌర వైకల్య భత్యానికి పెట్టుకోవచ్చట. మా బ్యాండు ఆయన చెప్పాడు."

బ్యాండులో పెద్ద బాకా ఊదే ఆయన సంగతి నాకు తెలుసు. ఊపిరితిత్తులు పాడై ఐదేళ్ళ కిందట విరమణ సొమ్ము తీసుకుని కారు కొన్నాడు. కారు ఏడాదిన్నరకి మూలపడింది. అప్పుడు భత్యానికి పెట్టుకున్నాడు. మంజూరైంది. ఆ సంతోషంలో స్వీట్లు కూడా పంచాడు. అయితే అదే జబ్బుకి సైన్యం ముందే ఇచ్చింది కనక, ఆ మొత్తం తీరేదాకా భత్యం పట్టుకుంటామని కాగితం వచ్చింది. ఇప్పటికి మూడేళ్ళు. మంజూరు కాగితానికి ఫ్రేము కట్టించుకున్నాడుగాని, భత్యం ఇంకా ఒక్క నెలదీ రాలేదు.

"ఆ నిబంధన నీ కాగితంలోనూ ఉంది. మూడో పేజీలో చివరి పేరా, చిన్నక్షరాల్లో," అన్నాను. "కుడిచేత్తో ఇచ్చింది ఎడంచేత్తో లాక్కుంటారు. అసలు నీకు ఇరవై ఎలా వేశారు బావా? మెట్లు దిగడం రాని మనిషికి ఇరవయ్యా?"

బావ రెండో బూటు తీసుకున్నాడు.

నాలుగో పేజీకి బోర్డు నివేదిక జతచేసి ఉంది. దాన్ని పైకి చదివాను. 'గదిలోకి రావడం: కవాతు నడక, లోపం లేదు. నిలబడటం: అత్యుత్తమం. నొప్పి: లేదని చెప్పాడు. సాధారణ స్థితి: బాగున్నానని మూడుసార్లు చెప్పాడు.'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి కోపం మా ఆఫీసులో కుళాయి కనెక్షన్ ఫారం మీద ఇంటి చిరునామా రాయనివాళ్ళ మీద వస్తుంటుంది. దీంతో పోలిస్తే అది చాలా చిన్నది.

"బావా, మెడికల్ బోర్డు ముందు కాలు దబ్బుమని కొట్టి సెల్యూట్ చేశావా?"

"ఎదురుగా కల్నల్ ఉన్నాడు."

"ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానని చెప్పావా?"

"ఆఫీసరు ఎలా ఉన్నావంటే ఇంకేం చెబుతారు?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇంకో జవాబు ఉంటుందని ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. కొన్ని వందలమందికి ఆ జవాబే నేర్పి పంపాడు కూడా.

ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టడానికైనా, మళ్ళీ విచారించండని అడగడానికైనా పది రోజులు గడువు. బావ సంతకం పెట్టేస్తానన్నాడు. అడగందే అమ్మైనా పెట్టదు బావా అన్నాను. అమ్మని అడగొచ్చు, సర్కారుని అడుక్కోను అన్నాడు. చిలక్కి చెప్పినట్టు ఇంకో గంట చెప్పాను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

అప్పుడు అక్క మాట్లాడింది. మా అక్క అరవదు. ఆమె గొంతు తగ్గితేనే భయపడాలి.

"పాపకి పోయిన చలికాలం రెండుసార్లు ఊపిరి ఆడలేదు. రెండుసార్లూ సైనికాసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆ కార్డు పోతే మూడోసారి ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పండి. చెప్పి అప్పుడు సంతకం పెట్టండి."

పాప అంటే వాళ్ళ కూతురు. తొమ్మిదేళ్ళది. పక్క గదిలో కూర్చుని బొమ్మకి రంగు వేస్తోంది. బావ ఆ గదివైపు చాలాసేపు చూశాడు. తర్వాత కలం కింద పెట్టేశాడు.

విచారణకి తయారుచేయడం మా వంతైంది. కుంటమని మేము అడగలేదు. మెట్ల మీద ఎలా నడుస్తావో అలా నడువు, చాలు అన్నాం.

"నేను నాటకాలు ఆడను," అన్నాడు బావ.

"పదహారేళ్ళుగా ఆడుతూనే ఉన్నావు. ఇప్పుడు ఆపమంటున్నాం."

హాల్లో కుర్చీలు జరిపి సాధన మొదలుపెట్టాం. నేను పెద్ద ఆఫీసర్ని. అక్క డాక్టరు. బావ తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. నన్ను చూశాడు. కాలు లేచింది, దబ్బుమంది, కింది వాటావాళ్ళు కర్రతో తమ పైకప్పు మీద కొట్టారు. మళ్ళీ ప్రయత్నించమన్నాం. రెండోసారి కుంటాడు గాని, కవాతు లెక్కకి కుంటాడు. ఎడమ, కుంటు, ఎడమ, కుంటు. ఆ కుంటుని చూస్తే వెనక నలభై మంది అలాగే కుంటుతూ వస్తున్నట్టు అనిపించింది. "నొప్పి ఎలా ఉంది?" అని అక్క అడిగింది. బావ నోరు తెరిచాడు. నుదుటిమీద చెమట పట్టింది. "బాగుంది," అన్నాడు. నొప్పికి కూడా కుశలమే చెప్పాడు.

మూడు రోజులు ఇదే తంతు. మూడో రోజున అక్క వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది. నాకు బావ మీద కోపం పోయింది. జాలి వేసింది. అబ్బా అని ఒక్కమాట అనడానికి మనిషికి ఇంత కష్టమా అనుకున్నాను.

విచారణ కోరే ఫారం నేనే నింపాను. పేరు, నంబరు, సర్వీసు, అభ్యంతరం. చిట్టచివర 'ఇతర విన్నపాలు' అని ఒక గడి ఉంది. అది ప్రతి ఫారంలోనూ ఉంటుంది, ప్రతివాళ్ళూ ఖాళీగా వదిలేస్తారు, లేదా అడ్డగీత గీస్తారు. పన్నెండేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, ఎవరైనా అందులో ఏదైనా రాస్తే కిటికీ వెనకవాళ్ళు తప్పకుండా చదువుతాం. మాకు అదొక్కటే కాలక్షేపం. ఆ గడిలో ఇలా రాశాను: 'దరఖాస్తుదారుని నొప్పి గురించి అడగవద్దని మనవి. అడిగితే లేదంటాడు. ఆజ్ఞాపించవలసిందిగా ప్రార్థన.'

బావ చదవకుండానే సంతకం పెట్టాడు. చూపించిన చోట సంతకం పెట్టడం కూడా ఆయనకి సైన్యమే నేర్పింది.

విచారణ రోజున ముగ్గురం వెళ్ళాం. పొడుగాటి వరండా, రెండు పక్కలా బెంచీలు, ఒక బల్ల దగ్గర టైపు చేస్తున్న గుమాస్తా. మా పక్కన చేతికి కట్టుతో ఒకాయన, తన వంతు కోసం చూస్తున్నాడు. బావ పేరు పిలిచారు. చొక్కా సర్దుకుని లేచాడు. ఇంట్లోవాళ్ళు బయటే ఉండాలన్నారు. తలుపు మూసుకుంది.

లోపల దబ్బుమని చప్పుడైంది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

కాసేపు గుసగుసలు. ఏదో ప్రశ్న వేశారు. "బాగున్నాను సార్!" అన్న కేక తలుపులోంచి దూసుకొచ్చింది. గ్రౌండు చివరన ఉన్నవాడికి కూడా వినిపించాలని పెంచుకున్న గొంతు, తలుపులు దాన్నేం చేయగలవు? అక్క కళ్ళు మూసుకుంది. ముప్పై నాలుగు నెలలు అన్నట్టు ఆమె పెదాలు కదిలాయి.

లోపల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ఎవరో పెద్దాయన చిన్నగా దగ్గాడు. ఆయనా ఒకప్పుడు గ్రౌండులో అరిచినవాడే అయ్యుండాలి, ఆ తర్వాత వచ్చిన గొంతు బావ గొంతుకి ఏమాత్రం తీసిపోలేదు.

"మాస్టర్! మీ కుడి మోకాలి పరిస్థితి ఉన్నది ఉన్నట్టు రిపోర్ట్ చెయ్యండి! ఇది ఆజ్ఞ!"

"యస్ సార్!"

ఆ మీదట మా బావ రిపోర్ట్ చేశాడు.

"పొద్దున లేచాక పావుగంట కాలు మడవలేను సార్! మంచం పట్టుకుని నిలబడతాను సార్! ఇంటికి పద్దెనిమిది మెట్లు సార్! దిగేటప్పుడు పద్దెనిమిదీ నొప్పే సార్! ఎక్కేటప్పుడు ఎనిమిదో మెట్టు దగ్గర చెప్పు సర్దుకుంటున్నట్టు ఆగుతాను సార్! చెప్పు బాగానే ఉంది సార్!"

వరండాలో గుమాస్తా టైపు చేయడం ఆపేశాడు.

"పడుకున్నప్పుడు ఆవిడ కాలు తగిలితే అరుపొస్తుందని మధ్యలో దిండు పెట్టుకుంటున్నాను సార్! మూడేళ్ళయింది సార్! ఉక్కపోతని చెప్పాను సార్! ఆవిడ నమ్మింది సార్!"

అక్క చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

"పాపని ఎత్తుకుని రెండేళ్ళయింది సార్! నువ్వు పెద్దదానివయ్యావమ్మా, ఇంక ఎత్తుకోకూడదు అని చెప్పాను సార్! అది అబద్ధం సార్! వంగితే లేవలేను సార్!"

"ఎప్పటినుంచి ఇలా?"

"నాలుగేళ్ళ రెండు నెలల నుంచి సార్!"

"ఎందుకు చెప్పలేదు?"

ఇక్కడ బావ ఆగాడు. వరండా అంతా ఆగింది.

"ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు సార్!"

మా పక్కన చేతికట్టు ఆయన నేలచూపులు చూస్తూ, "దిండు సంగతి నేనూ చెప్పాలి," అని తనలో తాను అనుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. బావ బయటికి వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఐదు మైళ్ళు పరిగెత్తి వచ్చినట్టున్నాడు. మమ్మల్ని చూసి గొంతు తగ్గించాడు.

"అయిపోయింది. ఏవేవో అడిగారు, చెప్పాను. మీకేమైనా వినిపించిందా?"

వరండాలో ఉన్న పదిమందీ ఒక్కసారిగా తమ తమ కాగితాల్లోకి చూసుకున్నారు.

"లేదండీ," అంది అక్క. "తలుపు మూసుంది కదా."

మా అక్క అంత పచ్చి అబద్ధం ఆడటం నేను చూడటం అదే మొదటిసారి. ఆ ఒక్క అబద్ధానికి ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక దిండుని ఆమె ఏం చేసిందో నేను అడగలేదు. అన్నీ మరదళ్ళు అడగాల్సినవి కావు.

పదకొండు రోజులకి కవరు వచ్చింది. ముప్పై. ముప్పై ఒకటి కాదు, నలభై కాదు. నెలనెలా పింఛను, ముగ్గురికీ కార్డు. మూడుసార్లు చదివి, చిన్నక్షరాలు కూడా చూసి, అప్పుడు అక్కకి సరే అన్నాను. అక్క పాప కార్డు అల్మారాలో పెట్టి తాళం వేసి, తాళం తీసి మళ్ళీ చూసుకుంది.

కవరులో మేము పంపిన ఫారం నకలు కూడా ఉంది. బావ దాన్ని చివరిదాకా చదివాడు.

"ఈ గడిలో రాసింది ఎవరమ్మా మరదలా?"

"ఖాళీ గడులు వదలకూడదు బావా. ఆఫీసు రూలు."

రూలు అనేసరికి ఆయన ఫారం మడిచి కవరులో పెట్టేశాడు.

క్వార్టర్స్ ఖాళీ చేయడానికి అరవై రోజులు ఇచ్చారు. మెట్లు లేని ఇల్లు నేనే వెతికాను. సామాను దించే రోజున బావ అందరికంటే ఆఖరున, పాలిష్ చేసిన బూట్ల జత చేత్తో పట్టుకుని, గోడమీద చార వెంబడి దిగుతున్నాడు. కింద అక్క గిన్నెల పెట్టె పట్టుకుని ఉంది. పాప బండి ఎక్కి కూర్చుంది. ఎనిమిదో మెట్టు దగ్గర బావ ఆగాడు. చెప్పు సర్దుకోలేదు.

"అబ్బా!" అన్నాడు.

గ్రౌండు గొంతుతోనే అన్నాడు. ఆయనకి ఉన్నది ఆ ఒక్క గొంతే. కింది వాటావాళ్ళు తలుపు తీసి చూశారు.

"ఏమైందండీ?" అంది అక్క.

బావ ఒక క్షణం ఆలోచించాడు. చుట్టూ ఆఫీసర్లెవరూ లేరు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు.

"మోకాలు నొప్పిగా ఉంది," అన్నాడు.

అక్క గిన్నెల పెట్టె నేలమీద పెట్టేసి, గబగబా ఎనిమిది మెట్లెక్కి, ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. ఏడుస్తోంది. పంపు చప్పుడు లేకుండా, అందరూ చూస్తుండగానే ఏడుస్తోంది. ఆ ఎనిమిది మెట్లు దిగడానికి వాళ్ళిద్దరికీ చాలాసేపు పట్టింది. ఆలస్యమవుతోందని బండివాడు విసుక్కున్నాడు. నేను వాడికి ఇంకో టీ ఇప్పించాను.